అప్ప రేకులిల్లు, నా డాబా, ఒక ఫ్యాను లెక్క

పోయిన ఏడాది మే నెల కరెంటు బిల్లులు మూడు నా దగ్గరున్నాయి. ఒకటి విజయనగరంలో మా ఇంటిది. రెండోది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర మా సొంతూళ్లో ఉంటున్న మా అప్పది, అంటే అక్కది. మూడోది అప్ప వాళ్ల పక్కింట్లో ఒంటరిగా ఉండే మామ్మది. మా ఇంట్లో 260 యూనిట్లు కాలాయి. అప్ప ఇంట్లో 136. మామ్మ ఇంట్లో 44.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఏ బిల్లు చేతికొచ్చినా విడగొట్టి చూడటం అలవాటు. ఒక రాత్రి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు పొదుపు గురించి ఇన్నేళ్లూ పిల్లలకు నేను చెప్పింది సగమేనని అప్పుడు తెలిసింది. ఏటా డిసెంబరు 14న, ఇంధన పొదుపు దినోత్సవం నాడు, మా బళ్లో వ్యాసరచన పోటీ పెడతాం. "గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు స్విచ్ ఆపాలి" అని అందరూ రాస్తారు. రాయించింది నేనే. ఒక్క ఫ్యాను, రెండు బల్బులు ఉన్న ఇంట్లో ఏ స్విచ్ ఆపాలో మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

ముందు లెక్క చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటుకు శ్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4.50. 126 నుంచి 225 వరకు 6. 226 నుంచి 400 వరకు 8.75. ఆ పైన 9.75. ఎంత ఎక్కువ వాడినా కింది శ్లాబు యూనిట్లకు కింది ధరే పడుతుంది, పై యూనిట్లకే పై ధర. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి. వాటిని ఇక్కడ కలపడం లేదు.

ఇప్పుడు ఒక ఫ్యాను తీసుకోండి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. మామూలు పాత సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75, 80 వాట్లు లాగుతుంది. షాపుల్లో రిమోట్ ఫ్యాను అని అమ్ముతున్నారు చూడండి, బీఎల్‌డీసీ ఫ్యాను, అది అదే గాలికి 28 నుంచి 35 వాట్లతో సరిపెడుతుంది. మామ్మ ఇంట్లో ఫ్యాను ఎండాకాలంలో రోజుకు 16 గంటలు తిరుగుతుంది. 80 వాట్ల ఫ్యాను అన్ని గంటలు తిరిగితే నెలకు 38 యూనిట్లు. అంటే ఆవిడ బిల్లులో 44 యూనిట్లకు 38 ఆ ఒక్క ఫ్యానే తింటోంది. 30 వాట్ల ఫ్యాను పెడితే 14 యూనిట్లతో పోతుంది. 24 యూనిట్లు మిగులుతాయి.

ఆ 24 యూనిట్ల విలువ మామ్మకు ఎంత? 44 యూనిట్లకు 99 రూపాయలు కడుతోంది. 20 యూనిట్లకు 38 రూపాయలు కడుతుంది. నెలకు 61 రూపాయల తేడా. ఫ్యాను ధర మూడు వేలనుకుంటే, ఏడాది పొడుగునా ఎండాకాలంలాగే వాడినా, ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది.

అదే ఫ్యానును మా ఇంట్లో పెడదాం. అన్నే గంటలు, అన్నే యూనిట్లు. కానీ నాకు తగ్గేది 8.75 శ్లాబులో ఉన్న యూనిట్లు. 24 యూనిట్లకు 210 రూపాయలు. పదిహేను నెలల్లో ఫ్యాను ఖరీదు వచ్చేస్తుంది.

ఫ్యాను ఒకటే, గాలి ఒకటే. నాకు పదిహేను నెలలు, మామ్మకు నాలుగేళ్లు. పైగా నా దగ్గర మూడు వేలున్నాయి. ఆవిడకు నెల నెలా వచ్చేది పింఛను. దాంట్లోంచి ఒక్కసారిగా మూడు వేలు తీయమని ఏ నోటితో చెప్పగలం?

శ్లాబులు తప్పని నేననడం లేదు. పేదింటికి తక్కువ ధరకు కరెంటు ఇవ్వాల్సిందే. కానీ దాని వెనక ఇంకో లెక్క ఉంది. ఒక యూనిట్‌ను కొని, లైన్ల మీద మోసుకొచ్చి మామ్మ ఇంట్లో దించడానికి పంపిణీ సంస్థకు అయ్యే ఖర్చు, ఆవిడ కట్టే 1.90 కంటే, 3 రూపాయల కంటే చాలా ఎక్కువ. ఆ తేడాలో కొంత ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. కొంత పై శ్లాబుల్లో ఉన్న నాలాంటివాళ్ల మీద, దుకాణాల మీద, ఫ్యాక్టరీల మీద పడుతుంది. అంటే మామ్మ ఇంట్లో 24 యూనిట్లు మిగిలితే ఆవిడకు దక్కేది 61 రూపాయలే, అంతకంటే పెద్ద మొత్తం మిగిలేది సంస్థకు, ప్రభుత్వానికి. యూనిట్‌కు నాలుగు రూపాయల తేడా ఉందనుకుందాం. చలికాలం తీసేసి ఏడాదికి 200 యూనిట్లు తగ్గాయనుకుందాం. 800 రూపాయలు. ఆవిడ మీద దయ తలచి కాదు, కేవలం తమ ఖాతా చూసుకునే ఆ ఫ్యాను ఆవిడకు ఇచ్చినా నాలుగేళ్లలో వాళ్లకు గిట్టుబాటు అవుతుంది. అర్హులైన ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. అక్కడైతే మిగిలే ప్రతి యూనిట్ ఖర్చూ ప్రభుత్వానికే మిగులుతుంది. అలాంటి ఇళ్లలో తిరిగే ప్రతి పాత ఫ్యానుకీ బిల్లు కడుతున్నది ప్రభుత్వమే.

నా వాదన ఇదే. ఇంట్లో కరెంటు పొదుపు చేసుకోమని జనానికి చెప్పడం కాదు, చేసి పెట్టాలి. ముందుగా డబ్బు పెట్టలేని ఇంటి నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగేసి ఉంది.

ఎలా తిరగేసి ఉందో నా ఇంటినే చూపించి చెప్తాను. 2024లో కేంద్రం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం తెచ్చింది. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకుంటే కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు, ఆ పైన ఎంత పెట్టుకున్నా 78 వేల వరకు సబ్సిడీ. నేను రెండు కిలోవాట్లకు పెట్టుకున్నాను. సర్వీసు ఇంకా పోయిన మా నాన్న పేరు మీదే ఉండటంతో పేరు మార్పించడానికి నెలన్నర తిరిగాను. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, అన్నదమ్ముల సంతకాలు, ఒక కాగితం ఇస్తే ఇంకోటి. మీ ఇంట్లో కూడా మీటరు తాతగారి పేరు మీదే ఉంటే ఈ పని ముందే చేయించుకోండి. సోలార్ కోసం కాకపోయినా అది అవసరమే. మొత్తానికి పలకలు ఎక్కాయి. రెండు కిలోవాట్లకు మంచి ఎండలో రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా వస్తున్నాయి. 60 వేలూ నా ఖాతాలో పడ్డాయి. పథకం మంచిదే, నేను దాన్ని తప్పుబట్టను.

కానీ సబ్సిడీ పడిన రోజు నాకు మామ్మ ఫ్యాను గుర్తొచ్చింది. 60 వేలంటే ఇరవై ఫ్యాన్లు. అప్ప వాళ్ల వీధి వీధంతా వచ్చేస్తుంది. ఆ సాయం నాకు అందింది ఎందుకంటే నాకు సొంత డాబా ఉంది, నా పేరు మీద మీటరు ఉంది, మిగతా డబ్బు పెట్టుకునే స్తోమత ఉంది. సిమెంటు రేకుల మీద పలకలు ఎక్కించడం కష్టం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు కప్పే వాళ్లది కాదు. ఎవరికి సాయం లేకపోయినా గడుస్తుందో వాళ్లకే ముందు అందింది.

ఇంకో తప్పు కూడా చేశాను, చెప్పాలి. పాత ఫ్యాన్లు, పాత ఫ్రిజ్ అలాగే ఉంచి ముందు సోలార్ పెట్టాను. ముందు ఇంట్లో వృథా తగ్గించుకుని, ఆ తర్వాత ఎన్ని కిలోవాట్లు కావాలో చూసుకోవాల్సింది. ఎవరైనా పెట్టుకోబోతుంటే ఇదే వరసలో వెళ్లమంటాను. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

అప్ప ఇంటి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగంలోనే ఆగిపోతుంది. అప్ప ఉంటున్న మా పాత ఇల్లు ఒకప్పుడు పెంకుటిల్లు. మట్టిగోడలు, రెండు వరసల పెంకు, ముందు అరుగు. మే నెలలో కూడా నడి ఇంట్లో చాప వేసుకుని పడుకుంటే మధ్యాహ్నం నిద్ర పట్టేది. అంతకుముందు తరంలో మా తాత పుట్టింది చుట్టింట్లో. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు. ఎండ గోడను తాకేది కాదు, గాలివాన కూడా గుండ్రటి కప్పు మీది నుంచి జారిపోయేది. ఆ ఇళ్లు కట్టినవాళ్లు ఎవరూ ఇంజనీరింగ్ చదవలేదు, కానీ ఈ తీరంలో ఎండ ఎటు వస్తుందో, తుపాను ఎటు వస్తుందో వాళ్లకు తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లు మరిచిపోరు. మా ఇంటి పెంకు ఆ తెల్లవారుజామునే పోయింది. మళ్లీ పెంకు వేయడానికి పనివాళ్లు లేరు, పెంకూ దొరకలేదు. అందరిలాగే అప్ప వాళ్లూ సిమెంటు రేకులు వేశారు. త్వరగా అవుతుంది, చవకగా అవుతుంది. ఎన్నాళ్లో ఉండవనుకున్న రేకులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రేకుల కింద ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి కూర్చుని చూడాలి. చెయ్యి పైకి చాపితే కప్పు నుంచి సెగ తగులుతుంది. ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. "ఒరే తమ్ముడా, ఇది గాలేట్రా, పొయ్యి కాడ కూకున్నట్టుంది" అంది అప్ప. అయినా ఆపలేదు. ఆపితే ఉక్కపోత, చెమట. రెండు ఫ్యాన్లు రోజుకు 18 గంటలు తిరుగుతాయి. ఒక్కొక్కటి 80 వాట్లు. నెలకు 86 యూనిట్లు, అంటే బిల్లులో అరవై శాతానికి పైన. అందులో ఒక ఫ్యాను రెండుసార్లు వైండింగ్ చేయించినది. కండెన్సరు బలహీనపడి నెమ్మదిగా తిరుగుతోంది. సాయంత్రం ఊళ్లో వోల్టేజీ పడిపోతే రెక్కలు లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ అప్ప చేసిన వృథా ఏముంది? ఏమీ లేదు. ఆ బిల్లులో పెద్ద భాగం కప్పుది. ఒక తుపాను తెచ్చిన నష్టాన్ని ఆవిడ ఏడేళ్లుగా నెలవారీ వాయిదాల్లో కరెంటు బిల్లుగా కడుతోంది.

సోంపేట పేరు ఎత్తాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మా ఊళ్ల మధ్య బీల ఉంది. నీళ్లు నిలిచే నేల. చేపలు, వరి, పశువుల మేత, అన్నిటికీ అదే ఆధారం. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం పెడతామంటే జనం వద్దన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. మనుషులు చనిపోయారు. ఆ ప్లాంటు అనుమతి రద్దయింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కోసం భూములు తీసుకున్నారు. శ్రీకాకుళం జిల్లాలో కరెంటు అంటే స్విచ్ వేస్తే వచ్చేది మాత్రమే కాదు. ఎక్కడ, ఎవరి నేల మీద తయారవుతుందో, దానికి ఎవరు ఏం కోల్పోతారో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు.

అప్పట్లో స్టాఫ్ రూములో ఒకరు నన్ను నిలదీశారు. "మాస్టారూ, మీ వాళ్లకు ఫ్యాన్లు కావాలి, టీవీలు కావాలి, ప్లాంటు మాత్రం వద్దా?" ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. బీల గురించి చెప్పాను, చేపల గురించి చెప్పాను. ఇప్పుడు ఇంకో జవాబు ఉంది. పదిహేనేళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని పాత ఫ్యాన్లన్నీ మార్చి, రేకుల కప్పులన్నీ చల్లబరిచి, ఆ తర్వాత కూడా కరెంటు చాలకపోతే అప్పుడు అడగండి. ఆ పని చేయకుండా ముందే కొత్త ప్లాంటు గురించి మమ్మల్ని అడగడం న్యాయం కాదు. ఇంటి దగ్గర ఒక యూనిట్ మిగిలితే తయారీ దగ్గర ఒకటి కంటే ఎక్కువే మిగులుతుంది, దారిలో లైన్లలో పోయేది కూడా కలిసొస్తుంది కాబట్టి. ఆ యూనిట్ కోసం ఎవరి పొలమూ పోదు.

అంత పెద్ద ఎత్తున ఇళ్లకు వెళ్లి మార్చడం అయ్యే పనేనా అంటారేమో. మన కళ్ల ముందే అయింది. 2014 చివర్లో ఎల్ఈడీ బల్బుల పథకం మన రాష్ట్రంలో మొదలైనప్పుడు మొదటి జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పాత బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే కొత్తది. ఇంటికి రెండు. 60 వాట్ల బల్బు పోయి 7 వాట్లది వచ్చింది. రోజుకు ఐదు గంటలు వెలిగితే ఒక్కో బల్బు మీద నెలకు ఎనిమిది యూనిట్లు తగ్గినట్టు. అప్పుడు మా అమ్మ ఉంది. సంచిలో రెండు పాత బల్బులు గుడ్డలో చుట్టి జాగ్రత్తగా పట్టుకెళ్లి మార్చుకొచ్చింది. ఎవరూ ఆమెకు వాట్ అంటే ఏంటో పాఠం చెప్పలేదు. వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టమనలేదు. ముందు మొత్తం కట్టు, తర్వాత సబ్సిడీ వేస్తాం అనలేదు.

ఆ పథకంలో ఇంకో మంచి జరిగింది. ప్రభుత్వ సంస్థ కోట్లలో ఒక్కసారే కొనడంతో, 2014లో 310 రూపాయలు పలికిన బల్బు ధర 2016కల్లా 38 రూపాయలకు దిగింది. ఇప్పుడు ఏ కిరాణా కొట్లో అయినా ఎల్ఈడీ బల్బే దొరుకుతుంది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఎలక్ట్రికల్ షాపులో ఫిలమెంటు బల్బు అడిగితే, "ఎవరికి కావాలి మాస్టారూ ఇప్పుడు" అన్నాడు. ఫ్యాన్లకు అదే ఎందుకు జరగకూడదు? 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు, బాగుంది. కానీ స్టార్ గుర్తు కొత్త ఫ్యాను కొనేవాడికి పనికొస్తుంది. మామ్మ కొత్త ఫ్యాను కొనదు. పాతది ఆగిపోతే వైండింగ్ చేయిస్తుంది.

ఇక మనుషుల సంగతి. ఇంటింటికీ ఎవరు వెళ్తారు? 2019 అక్టోబరు నుంచి మన గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ అనే ఉద్యోగి ఉన్నాడు. స్తంభం ఎక్కేది, ఫ్యూజు వేసేది, బకాయి ఉంటే కనెక్షన్ తీసేది అతనే. ఊళ్లో ప్రతి మీటరూ అతనికి తెలుసు. పేరులోనే ఎనర్జీ ఉంది. పొదుపు పని అతనికి ఎవరూ అప్పగించలేదు. ఎండాకాలం ముందు రెండు నెలలు, రోజుకు నాలుగిళ్లు, ఇంటికి అరగంట. ఫ్యాన్లెన్ని, ఎన్ని వాట్లు, కప్పు ఏంటి, వైరింగు ఎలా ఉంది, ఎర్తింగు ఉందా. అన్నీ ఆపేసి మీటరు మీద ఎర్ర దీపం ఇంకా మిణుకుతోందా చూడటం. మిణుకుతుంటే ఏదో లాగుతున్నట్టు, లేదా వైరు ఎక్కడో లీకవుతున్నట్టు. పాత ఇళ్లలో ఇది ప్రాణాలతో పని, పొదుపు తర్వాతి మాట. ఫ్యాను డబ్బు ఒక్కసారి కట్టలేనివాళ్లకు బిల్లులోనే నెలకు యాభై చొప్పున కలిపితే సరిపోతుంది. ఎండాకాలంలో మామ్మకు తగ్గేదే 61 కాబట్టి ఆ నెలల్లో ఆవిడ జేబులోంచి పోయేది ఏమీ ఉండదు.

అప్ప వాళ్ల ఊరి ఎనర్జీ అసిస్టెంట్ కుర్రాడితో ఈ మాట అన్నాను. మర్యాదస్తుడు. "నేర్పితే చూస్తాను మాస్టారూ. కానీ చూసి ఏం చెప్పాలి? ఫ్యాను మార్చుకో అమ్మా అని చెప్పి వచ్చేయడానికి నాకే మొహం చెల్లదు" అన్నాడు. అతను చెప్పింది నిజం. సాయం చేతిలో పట్టుకుని వెళ్లకపోతే సలహా ఒక్కటే తీసుకుని ఎవరింటికీ వెళ్లకూడదు.

కప్పు సంగతికొస్తాను. ఇదే నాకు ఎక్కువ ఇష్టమైన పని, ఎందుకంటే చేతులతో చేశాం. పోయిన మార్చిలో నేనూ మేనల్లుడూ కలిసి అప్ప ఇంటి రేకులకు సున్నం వేశాం. తెల్లటి కప్పు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, నల్లబడిన పాత రేకు మింగేస్తుంది, అంతే కిటుకు. మొదటిసారి ఉత్త సున్నమే వేశాం. ఏప్రిల్‌లో ఒక్క గాలివానకి సగం కొట్టుకుపోయింది. రెండోసారి సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేశాం, అది నిలిచింది. డబ్బాల్లో దొరికే కూల్ రూఫ్ పెయింటు ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. మీరూ చేస్తే రెండు జాగ్రత్తలు. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, విరిగి కింద పడినవాళ్లున్నారు. దూలాల మీదుగా బల్ల వేసుకుని దాని మీదే కదలండి. రెండోది, పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకడం, కోయడం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి, మెత్తటి చీపురుతో నాచు తీస్తే చాలు.

పడమటి వైపు సున్నం చాలక, అప్ప పందిరి కట్టి ఆనప పాదు పైకి పాకించింది. ఆలోచన ఆమెదే. మే నెలకి ఆ వైపంతా ఆకు కప్పేసింది. మధ్యాహ్నం ఆ గదిలోనే అందరూ చేరుతున్నారు. కాయలు వీధంతా పంచింది.

సున్నం, జిగురు, బ్రష్షులు కలిపి ఎంతయింది? ఒక కొత్త ఫ్యాను ధర కంటే తక్కువ. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమని ఐదేళ్లకు ఒకటి ప్రకటించింది. ఉక్కపోత విషయంలో మన తీరం ఎవరికీ తీసిపోదు. ఉపాధి లేని మార్చి, ఏప్రిల్ నెలల్లో ఊరి కుర్రాళ్లకు కూలి ఇచ్చి రేకుల ఇళ్లన్నిటికీ తెల్లపూత వేయించడం అసాధ్యమైన పనేమీ కాదు.

అభ్యంతరాలు నాకు తెలియకపోలేదు. బీఎల్‌డీసీ ఫ్యానులో బోర్డు ఉంటుంది, అది పోతే మన ఊరి మెకానిక్ బాగుచేయలేడు అంటారు. నిజమే. మా ఇంట్లో ఒకటి రెండో ఏడాదిలోనే ఆగింది, వారంటీ ఉంది కాబట్టి మార్చారు. అందుకే ఫ్యాన్లు పంచితే వాటితో పాటు బోర్డులు కూడా మండల కేంద్రంలో దొరకాలి, వైండింగ్ షాపుల వాళ్లకు ఆ పని నేర్పాలి. లేకపోతే వాళ్ల బతుకూ పోతుంది, మన ఫ్యానూ మూలన పడుతుంది. కానీ ఇంకో వైపు చూస్తే, వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా ఈ ఫ్యాను వేగం తగ్గదు. అప్ప ఇంట్లో సాయంత్రాలు చూశాను కాబట్టి చెప్తున్నాను. తుపాను రోజుల్లో ఇన్వర్టరు మీద రెట్టింపు సేపు తిరుగుతుంది. తిత్లీ తర్వాత కరెంటు లేక గడిపిన రాత్రులు గుర్తున్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఉచితంగా ఇస్తే అమ్ముకుంటారు అనేది ఇంకో మాట. పది రూపాయల బల్బును మా వీధిలో ఎవరూ అమ్ముకోలేదు. పాత ఫ్యాను దించి ఇస్తేనే కొత్తది బిగించి వెళ్లండి, అమ్ముకునే ప్రశ్నే రాదు. బిల్లు తగ్గితే ఇంకా ఎక్కువసేపు వేసుకుంటారు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వేసుకోనివ్వండి. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి మే నెల రాత్రి ఇంకో రెండు గంటలు నిద్రపోతే దాన్ని నేను వృథాగా లెక్కవేయను.

నాలాంటి డాబా ఇళ్ల వాళ్లకు పెద్దగా చెప్పాల్సింది లేదు. మనకు డబ్బుంది, పై శ్లాబు ధరే మనల్ని తొందరపెడుతుంది. ఫ్రిజ్ కొనేటప్పుడు ఎన్ని స్టార్లు అని కాదు, ఏడాదికి ఎన్ని యూనిట్లు అని లేబుల్ మీద రాసిన అంకె చూడండి. కొలతలు మారుతుంటాయి, పాత ఐదు స్టార్లు ఇప్పటి ఐదు స్టార్లు కావు. ఏసీ 24 దగ్గర పెట్టి ఫ్యాను కలిపి వేసుకోండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్ చూడనప్పుడు గోడ దగ్గరే ఆపండి. రెండూ కలిసి రాత్రీ పగలూ పది వాట్లు లాగుతున్నా నెలకు దాదాపు ఏడు యూనిట్లు ఊరికే పోతాయి. మేడ మీద కూడా తెల్లపూత వేయించండి, పై గది తేడా మీకే తెలుస్తుంది.

ఈ ఫిబ్రవరిలో రెండు ఫ్యాన్లు రైల్లో పట్టుకెళ్లి అప్ప ఇంట్లో బిగించాను. మూడోది మామ్మకు. డబ్బెంత అని ఆవిడ పదే పదే అడిగితే, నీ మనవడినే అనుకో మామ్మా అన్నాను. "నాకు మనవలు లేరు బాబూ, ఉంటే నీలాగే ఉందురు" అని ఫ్యాను కింద చాలాసేపు కూచుంది. మేనల్లుడి కూతురు ఎనిమిదో తరగతి. రోజూ ఉదయం ఆరు గంటలకు రెండు ఇళ్ల మీటర్లూ చూసి నోటుపుస్తకంలో రాస్తోంది. మే నెల పూర్తయ్యేసరికి అప్ప ఇంట్లో 84 యూనిట్లు, మామ్మ ఇంట్లో 21.

ఆ వీధిలో ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. తొమ్మిదింటికి రేకుల కప్పే. ఏ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు, ఎన్నేళ్లవి, ఏ నెలలో ఎన్ని యూనిట్లు అని మేనల్లుడి కూతురే తిరిగి రాసుకొచ్చింది. ఎనర్జీ అసిస్టెంట్ కుర్రాడు సరిచూసి కింద సంతకం పెట్టాడు. ఆ కాగితానికి మామ్మ రెండు బిల్లులు, పాతదీ కొత్తదీ, పిన్ను కొట్టి సోమవారం నేనూ అతనూ కలిసి కరెంటు సెక్షన్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాం.